అమ్మకానికి ఇంటిని సిద్ధం చేసే సేవ: తిరుపతిలో దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

తిరుపతిలో ఇల్లు అమ్మాలంటే ఇదివరకు తెలిసిన బ్రోకరు చెవిన ఒక మాట వేసి, ఫోన్ నంబరు రాసిన అట్టముక్కను గేటుకు కట్టి ఊరుకునేవారు. ఇప్పుడు అమ్మకానికి పెట్టకముందే ఇంటిని కడిగి, సామాను సర్ది, చిన్న పెద్ద మరమ్మతులు చేయించి, రంగులు వేయించి, ఫోటోలు కూడా తీసి ఇచ్చే బృందాలు వచ్చాయి. బైరాగిపట్టెడలోని మా తల్లిదండ్రుల ఇంటిని అమ్మాలని నిర్ణయించుకున్నప్పుడు అలాంటి ఒక బృందానికి పని అప్పగించాం. మొత్తం మీద పెట్టిన డబ్బుకు తగిన సేవే దొరికింది. అయితే వాళ్లు చేసే పనుల్లో సగం కొనేవాడి కంటికి నిజంగా ఆనేవి, మిగతా సగం ఫోన్‌లో కనబడే బొమ్మ కోసం చేసేవి అని నా అభిప్రాయం. మంచితో పాటు లోపాలనూ రాస్తున్నందువల్ల సంస్థ పేరును ప్రస్తావించడం లేదు. ఈ పని చేసేవారు ఎవరైనా పద్ధతి ఇంచుమించు ఇదే కాబట్టి చదివేవారికి దానివల్ల పెద్ద నష్టం ఉండదు.

ముందుగా ఇంటి సంగతి చెప్పాలి. స్థలం నలభై అంకణాలు. తిరుపతి లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు కనుక అది 1,440 చదరపు అడుగులు, అంటే 160 గజాలు. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు. అటునుంచి వచ్చి చూసేవారితో ధర మాట్లాడేటప్పుడు ఈ తేడాను మొదటే తేల్చుకోకపోతే అనవసరమైన గందరగోళం వస్తుంది. 1980ల చివర్లో కట్టిన మిద్దె అది, తూర్పు వాకిలి, హాలులో మొజాయిక్, వంటింట్లోనూ వెనుక వరండాలోనూ కడప బండలు, పైన ఒక గది. చాలాకాలం మనుషులు మసలిన ఇల్లు కావడంతో ప్రతి గోడకూ మేకులు, ప్రతి సజ్జ మీదా డబ్బాలు ఉండేవి. దీనికంతటికీ సంస్థ చెప్పిన ధర లక్షా ముప్పై వేల రూపాయలు, దానిలో రంగులు, సామాను సర్దుబాటు, శుభ్రత, కరెంటు, ప్లంబింగ్ చిల్లర పనులు, ఫోటోలు కలిసి ఉన్నాయి. గోడల చెమ్మకు సంబంధించిన పని విడిగా మరో ఇరవై రెండు వేలు అయింది.

పని మొదలుపెట్టే ముందు పర్యవేక్షకురాలు వచ్చి ఇల్లంతా తిరిగి చూసిన తీరు నాకు నచ్చింది. ఆమె నేరుగా హాలుకు వెళ్లకుండా గేటు బయట నిలబడి, వీధిలోంచి చూసేవారికి ఏం కనబడుతుందో మొదట రాసుకున్నారు: తుప్పు పట్టిన గేటు, పిట్టగోడ మీద నల్లటి పాచి, సన్‌షేడ్ అంచున పెచ్చులూడి బయటపడిన ఇనుప కడ్డీ. ఆ తర్వాతే లోపలికి వచ్చి ప్రతి కుళాయినీ తిప్పి, ప్రతి స్విచ్చునూ వేసి, ప్రతి తలుపునూ మూసి తెరిచారు. వానకు ఉబ్బి గడపకు రాసుకునే స్నానాలగది తలుపును మేము ఏళ్లుగా భుజంతో నెట్టి మూసేవాళ్లం. దాన్ని చిత్రిక పట్టించి అరగంటలో సరిచేశారు. ఇలాంటి చిన్న పనులకే ఈ సేవ బాగా పనికొస్తుందని చెప్పగలను. ఒక్కో పనికి ఒక్కో మనిషిని వెతికి పిలిపించి, వాళ్లు వచ్చేదాకా ఎదురుచూసే శ్రమ తప్పుతుంది.

సామాను తీయించడం దగ్గర మా అమ్మకూ ఆ పర్యవేక్షకురాలికీ కొంత పేచీ నడిచింది. తిరుపతి ఇళ్లల్లో టీటీడీ క్యాలెండరు ఏటా కొత్తది వస్తుంది, స్వామివారి బొమ్మ ఉంది కనుక పాతదాన్ని పారేయడానికి చేతులు రావు, దాంతో ఒకే మేకుకు నాలుగైదేళ్ల క్యాలెండర్లు ఒకదానిమీద ఒకటి వేలాడుతూ ఉంటాయి. మా హాలులో అలాంటి మేకులు చాలానే ఉన్నాయి. "అమ్మా, పూజగదిని ముట్టుకోం, హాలులోవి మాత్రం తీసి మీకే జాగ్రత్తగా కట్టి ఇస్తాం" అని ఆమె ఓపిగ్గా చెబితే, "దేవుణ్ణి తీసేసి ఇల్లు చూపిస్తే ఎవరు కొంటారమ్మా?" అని మా అమ్మ తిరగేసి అడిగింది. చివరికి హాలులో ఒక్క పటం ఉంచి మిగతావన్నీ తీశారు. మేకులు పీకిన చిల్లులను లప్పంతో పూడ్చాక ఆ గోడ వెడల్పు మాకే కొత్తగా కనిపించింది. అటక మీది ఇత్తడి బిందెలు, విరిగిన ఉయ్యాల బల్ల, మా నాన్న దాచిన పాత రసీదుల సంచులు కిందికి దించి, ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి అని వేరు చేయడంలో వాళ్లు తొందరపెట్టలేదు. ఆ రసీదుల సంచుల్లోనే పాత ఇంటిపన్ను చీటీలు దొరికాయి, కనుక ఈ పనిని పిల్లలకో కూలివాళ్లకో వదిలేసి బయటికి వెళ్లిపోవద్దని నా సలహా.

అసలు తేడా వచ్చింది చెమ్మ దగ్గర. పడమటి పడకగదిలో గోడ అడుగున నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు తెల్లటి ఉప్పు పొంగి, వేలితో తాకితే పిండిలా రాలుతూ ఉండేది. సంస్థ తెచ్చిన రంగులవాళ్లు గీకి, లప్పం రెండు పూతలు వేసి, ప్రైమర్ కొట్టి, పైన ఎమల్షన్ వేస్తే కనబడదని తేలిగ్గా చెప్పారు. కనబడదన్నది నిజమే, కొన్ని వారాల వరకు. గోడలోని తడి ఉప్పును కరిగించుకుని పైకి వచ్చి, గాలికి ఆరిపోయినప్పుడు ఆ ఉప్పు పూత మీద మిగిలిపోతుంది. తడి వచ్చే దారిని కట్టకుండా పైన గట్టి రంగు వేస్తే లోపలి తడికి ఆరే దారి పోయి, రంగు బుడగలుగా లేచి పొరలుగా ఊడుతుంది. మాకు తెలిసిన మేస్త్రీని పిలిపించి చూపిస్తే ఆయన గోడను వేలి కణుపుతో నాలుగు చోట్ల కొట్టి, బోలుగా మోగిన చోట బొగ్గుతో గీత గీసి, "సామీ, ఇది రంగుతో పొయ్యేది కాదు. గోడ అవతల నుంచి నీళ్లు తాగతా ఉంది, ముందు ఆ నోరు మూయాల" అన్నాడు. అవతల స్నానాలగది. అక్కడ పలకల సందుల్లో సిమెంటు కరిగిపోయి ఉంది, నీళ్లు దిగే నహానీ ట్రాప్ చుట్టూ పగులు ఉంది.

ఈ మాట చెప్పినప్పుడు సంస్థవాళ్లు మొదట ఇష్టపడలేదు. ప్యాకేజీ గడువు దాటిపోతుందని, ఎలాగూ అమ్మే ఇల్లే కదా అని అన్నారు. ఆ రెండో మాట దగ్గరే ఇలాంటి సేవల అసలు బలహీనత ఉంది. వాళ్లకు డబ్బు వచ్చేది ఇల్లు చక్కగా కనబడినందుకు, గోడ ఆరినందుకు కాదు. కానీ అమ్మేవాడి మీద చట్టం పెట్టిన బాధ్యత వేరు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఆస్తిలో ఉంటే అమ్మేవాడు దాన్ని చెప్పి తీరాలి. ఉప్పు పొంగిన గోడ ఎవరికైనా కనిపించే లోపం; దాని మీద లప్పం పూసి రంగు వేస్తే, కనిపించే లోపాన్ని మన చేతులతోనే కనిపించనిదిగా మార్చినట్లవుతుంది. మేము పట్టుబట్టాక పర్యవేక్షకురాలు ఒప్పుకుని, మూడడుగుల ఎత్తు వరకు పాత పూత కొట్టించి, స్నానాలగది పలకల సందులు, ట్రాప్ చుట్టూ పగులు మూయించి, ఇటుక ఆరేదాకా కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టి, నీరు పీల్చని మందు కలిపిన సిమెంటుతో కొత్త పూత వేయించారు. పని ఒప్పుకున్న తర్వాత మాత్రం శుభ్రంగా చేశారు, దానికి తగిన మార్కులు ఇవ్వాలి.

నేల విషయంలో వాళ్ల పనితనం నన్ను ఆశ్చర్యపరిచింది. కడప బండ సున్నపురాయి జాతిది కనుక యాసిడ్ తగిలితే పైపొర తినేసి, నునుపు పోయి, తెల్లటి మచ్చలు పడతాయి. మన ఊళ్లో శుభ్రం చేసేవారు చాలామంది బండ ఏదైనా స్నానాలగదికి వాడే యాసిడే పోసి చీపురుతో రుద్దేస్తారు. వీళ్లు అలా చేయలేదు. సబ్బునీళ్లు, కొబ్బరిపీచు, గట్టి బ్రష్షుతో వంటింటి బండల జిడ్డును మూల మూలలా వదిలించి, ఆరాక పలుచగా నూనె రాసి పొడిగుడ్డతో తుడిస్తే ఆ నల్లటి బండలో కిటికీ నీడ కనిపించింది. హాలు మొజాయిక్‌ను నీళ్లు పోస్తూ యంత్రంతో పాలిష్ పట్టించారు. ఎరుపు, పసుపు, నలుపు రాళ్లు కొత్తవాటిలా తేలాయి. ఇప్పుడు కొత్త ఇళ్లన్నింటిలో తెల్లటి టైల్సే కనుక, చూడవచ్చినవాళ్లలో కొంత వయసున్నవారు చెప్పులు విడిచి ఆ మొజాయిక్ మీద నడిచి, "ఇట్లాంటి నేల ఇప్పుడు ఎవరు వేస్తున్నారు" అని మెచ్చుకున్నారు. బోరునీళ్ల వల్ల కుళాయిలకు పేరుకున్న తెల్లటి గారను నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టిన గుడ్డ చుట్టి వదిలించారు. అదే నీళ్లు కడప బండ మీద పడకుండా కింద ప్లాస్టిక్ పట్టా పరిచారు. ఇంత జాగ్రత్త ఎరిగిన మనుషులే చెమ్మ దగ్గర ఆ సలహా ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నీటి సంగతి కూడా వాళ్లు బాగానే చూశారు. సంపు, మిద్దె మీది ట్యాంకు రెండూ కడిగించారు, ట్యాంకు మూత మార్చారు. తిరుపతిలో ఇల్లు చూసేవాళ్లు మొదట అడిగే ప్రశ్నల్లో కార్పొరేషన్ కుళాయి ఉందా, బోరులో వేసవిలో నీళ్లు ఉంటాయా అనేవి తప్పక ఉంటాయి. ఆ తర్వాతి ప్రశ్న 2021 నవంబరు గురించి. ఆ నెల వరదల్లో ఊరు ఎంత మునిగిందో, శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి ఆవరణలో భూమిలో ఉన్న సిమెంటు వరల నీటితొట్టి ఏకంగా పైకి లేచి నిలబడిన వింత ఎలాంటిదో జనం ఇంకా మరచిపోలేదు. నేల నిండా నీరున్నప్పుడు తొట్టిని ఖాళీ చేస్తే కింది నీరు దాన్ని పైకి నెడుతుంది. అందుకే సంపు కడిగే పనిని వేసవిలోనే పెట్టుకోవాలని వీళ్లు చెప్పిన సలహా సరైనదే.

ఇక ఏమాత్రం పనికిరాని భాగం అలంకరణ. ఫోటోల కోసం ఒక బూడిదరంగు సోఫా, ప్లాస్టిక్ చెట్లు, ఎవరూ కూర్చోని ఎత్తు కుర్చీలు అద్దెకు తెచ్చి పెట్టారు. ఆ ఫోటోల్లో మా హాలు కల్యాణమండపంలా కనిపించింది. అవి చూసి ఎంతో ఆశతో వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి, "ఇంతేనా హాలు" అన్నట్లు మొహాలు చూసుకోవడం నేను దగ్గరుండి చూశాను. పెద్ద నగరాల్లో అపార్టుమెంట్లు కొనేవారికి ఈ పద్ధతి నచ్చుతుందేమో గాని, ఇక్కడ వేరుగా కట్టిన ఇల్లు కొనేవారు అంకణం ధర, రోడ్డు వెడల్పు, నీళ్లు, వాస్తు, కాగితాలు చూస్తారు, పక్కన ఒక మేస్త్రీనో బావమరిదినో వెంటబెట్టుకుని వస్తారు. అతను సోఫా వైపు చూడడు, నేరుగా మిద్దె ఎక్కి పగుళ్లు చూస్తాడు. అదృష్టవశాత్తూ వాళ్ల ఫోటోగ్రాఫరు మిద్దె మీద పొద్దున్నే తీసిన ఒక చిత్రం మాత్రం అసలు విలువ తెలిసి తీసింది. ఉత్తరాన శేషాచలం కొండలు, ఆ రాతి గోడల మీద ఎండ, ముందు మా పిట్టగోడ. బయటి ఊళ్లనుంచి ఫోన్ చేసినవాళ్లు ఎక్కువమంది ఆ చిత్రం గురించే అడిగారు.

వాస్తు సలహా పేరుతో వాళ్లు అదనంగా డబ్బు అడిగితే మేము వద్దన్నాం. ఒక సిద్ధాంతి చెప్పాడని గోడ కొట్టి మెట్లు మారిస్తే, కొనేవాడి సిద్ధాంతి మరొకటి చెబుతాడు. ఆ ఖర్చు కొనేవాడికి వదిలేయడమే మేలు.

కాలం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనవాళ్లు ఆషాఢంలోనూ మూఢంలోనూ అడ్వాన్సు ఇవ్వడానికి వెనకాడతారు కనుక ఆ రోజుల్ని మరమ్మతులకు వాడుకుని, శ్రావణం వచ్చేసరికి ఇల్లు చూపించే స్థితిలో ఉంచడం సుఖం. మన ప్రాంతానికి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బయటి రంగు ఆ లోపు ఆరిపోవాలి. సంస్థ ఇచ్చిన పట్టిక ఈ లెక్కనే వేసి ఉంది, అది మెచ్చుకోవలసిన విషయం.

కాగితాలను మాత్రం వాళ్లు అసలు ముట్టుకోరు. ఇంటిని సిద్ధం చేయడమంటే మొదట దస్తావేజుల దొంతర సిద్ధం చేయడమే అని నమ్మే ఊరు మనది, కనుక ఇది చిన్న లోటు కాదు. తిరుపతిలో హాథీరాంజీ మఠం భూముల వివాదాలు అందరికీ తెలిసినవే, అందుచేత "స్థలం మఠానిది కాదు కదా" అనే ప్రశ్న దాదాపు ప్రతి నోటా వస్తుంది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద రిజిస్ట్రేషన్ చేయని భూముల నిషేధిత జాబితాలో లేదని చూపించడం, లింకు దస్తావేజులు (ఇల్లు మన దాకా చేతులు మారిన పాత దస్తావేజులు) వరుసగా పెట్టడం, ఇంటిపన్ను బాకీ లేకుండా కట్టి రసీదు ఉంచడం, ప్లాను మంజూరు కాగితం వెతికి పెట్టడం మన పనే. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) విషయంలో ఆన్‌లైన్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలే దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. దానికి సమయం పడుతుంది కనుక రంగులవాళ్లు పనిలో దిగిన రోజునే ఈ దరఖాస్తు కూడా పెట్టేయడం మంచిది. రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతాన్ని మామూలుగా కొనేవాడే భరిస్తాడు, కాబట్టి అతను ధర తగ్గించమన్నప్పుడు ఈ భారం అతని మనసులో ఉంటుందని గుర్తుంచుకోవాలి. విలువ 50 లక్షలు, అంతకు మించి ఉంటే అతను మనకిచ్చే సొమ్ములో ఒక శాతం టీడీఎస్ (ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటాడు; మన పాన్ కార్డు వివరాలు సరిగా ఉండాలి.

సంస్థ ప్రతినిధి ఒక సందర్భంలో, తమకు కట్టే డబ్బంతా పన్ను లెక్కలో తీసేసుకోవచ్చని చెప్పారు. మా ఆడిటరు వెంటనే కాదన్నారు. రంగులు, మామూలు మరమ్మతులు ఇంటిని అభివృద్ధి చేసిన ఖర్చు కిందికి రావు, బ్రోకరుకు ఇచ్చే కమిషను వంటి అమ్మకానికి నేరుగా సంబంధించిన ఖర్చులే లాభంలోంచి తగ్గుతాయి. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటికి, ఇక్కడే నివసించే వ్యక్తులు సూచీ సర్దుబాటు (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా లాభం మీద 12.5 శాతమో, సర్దుబాటుతో 20 శాతమో, ఏది తక్కువ పన్ను అయితే అది ఎంచుకోవచ్చు. ఈ లెక్కను అమ్మకానికి ముందే వేయించుకుంటే ధర ఎక్కడ నిలబెట్టాలో తెలుస్తుంది.

ఇంటిని చూడవచ్చిన బ్రోకర్లు ఖర్చంతా తిరిగి వస్తుందని ముక్తకంఠంతో అన్నారు, బ్రోకర్లు అనడానికి అదెంత పని. నా లెక్క వేరు. చెమ్మ పని, నేల పాలిష్, శుభ్రత, తలుపులు, కుళాయిలు, బయటి రంగు వీటికి పెట్టిన సొమ్ము బేరంలో నిలబడింది, ఎందుకంటే వచ్చినవాళ్లు ధర తగ్గించమనడానికి వేలు పెట్టి చూపించగల చోటు తగ్గిపోయింది. లోపలి గదులన్నింటికీ ఖరీదైన రంగు వేయించడం వృథా. కొన్నవారు గృహప్రవేశానికి ముందు తమకు నచ్చిన రంగు ఎలాగూ వేసుకుంటారు. అద్దె సోఫాకూ ప్లాస్టిక్ చెట్లకూ ఇచ్చినది కూడా అంతే.

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి, ఇక్కడ పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి ఈ సేవను నిస్సందేహంగా సూచిస్తాను. తెలిసిన మేస్త్రీ, ప్లంబరు చేతిలో ఉండి, దగ్గరుండి చేయించుకోగలవారికి శుభ్రత, ఫోటోల భాగం ఒక్కటే తీసుకుంటే సరిపోతుంది. ఒప్పందం రాసుకునేటప్పుడు మాత్రం మూడు సంగతులు పట్టుబట్టి రాయించుకోవాలి: చెమ్మ ఉన్న గోడకు కారణం తేలకుండా లప్పం వేయరాదు, కడప బండ మీద యాసిడ్ వాడరాదు, సొమ్ములో పదోవంతు పని ముగిశాక ఒక వాన పడేదాకా మన దగ్గరే ఉండాలి. మా విషయంలో మొదటి రెండూ నోటిమాటగానే ఒప్పుకున్నారు. మూడోదానికి మొదట ససేమిరా అని, చివరికి ఐదు శాతం దగ్గర రాజీకి వచ్చారు. వాన వెలిసిన మరునాడు పర్యవేక్షకురాలే వచ్చి పడమటి గోడను చేత్తో తడిమి చూసి, మిగతా డబ్బు తీసుకుని వెళ్లారు.